క్యాప్చర్ కార్డ్ లేకుండా కన్సోల్ గేమ్‌ప్లే వీడియోలు నెట్‌లో పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పిన్ని కొడుకు ఓ రాత్రి వాట్సాప్‌లో వీడియో పంపాడు. పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4)లో క్రికెట్ ఆట, ఆఖరి బంతికి సిక్స్ కొట్టి గెలిచాడట. ఫోన్ పట్టుకుని టీవీని తీశాడు. బంతి ఎటు పోయిందో నాకైతే కనపడలేదు గానీ, టీవీ తెర మీద గిరగిరా తిరుగుతున్న సీలింగ్ ఫ్యానూ, దాని కింద లుంగీ ఎగ్గట్టి నిలబడ్డ వాడూ మాత్రం చక్కగా కనపడ్డారు. కింద మెసేజ్: "క్యాప్చర్ కార్డ్ కొనాలంట కదన్నా, ఎంతవుద్ది?"

ఆటని రికార్డ్ చేసే బటన్ వాడి చేతిలో ఉన్న కంట్రోలర్ మీదే ఉంది. కొన్న ఏడాది నుంచి దాన్ని నొక్కనే లేదు. అప్పట్నుంచి వాడూ, వాడి స్నేహితులూ నన్ను అడుగుతూ వచ్చినవన్నీ ఇక్కడ ఒక చోట పెడుతున్నాను.

అసలు క్యాప్చర్ కార్డ్ ఏం చేస్తుంది? నాకు కావాలా?

కన్సోల్‌కీ టీవీకీ మధ్య పెట్టే చిన్న పెట్టె అది. టీవీకి వెళ్లే బొమ్మను కంప్యూటర్‌కి కూడా పంపిస్తుంది, అక్కడ రికార్డ్ అవుతుంది. కన్సోల్ తనంతట తాను రికార్డ్ చేయలేని రోజుల్లో అది తప్పనిసరి. 2013 నవంబర్‌లో పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వచ్చాక ఆ పని కన్సోల్ లోపలికే వచ్చేసింది. నింటెండో స్విచ్‌కి 2017 అక్టోబర్ అప్‌డేట్‌తో వచ్చింది. మీ దగ్గరున్నది వీటిలో ఏదైనా అయితే, లేదా వీటి తర్వాత వచ్చినదైతే, ఇప్పటికి ఏమీ కొనక్కర్లేదు.

గోల్ కొట్టేశాక "అయ్యో, రికార్డ్ చేయలేదే" అనుకున్నాను. ఇంక దక్కదా?

దక్కుతుంది. మీరు చెప్పినా చెప్పకపోయినా కన్సోల్ వెనకాల రికార్డ్ చేస్తూనే ఉంటుంది. కొత్త నిమిషం చేరుతుంటే పాత నిమిషాన్ని చెరిపేస్తూ పోతుంది. పీఎస్4 మామూలుగా చివరి 15 నిమిషాలు దాచి ఉంచుతుంది, సెట్టింగ్స్‌లో 60 నిమిషాల దాకా పెంచుకోవచ్చు. పీఎస్5 చివరి గంట వరకూ ఇస్తుంది. స్విచ్‌లో చివరి 30 సెకన్లే. ఎక్స్‌బాక్స్‌లో మామూలుగా 30 సెకన్లు, మార్చుకోవచ్చు.

కాబట్టి పద్ధతి తిరగేసి ఉంటుంది: ముందు ఆడండి, బాగుందనిపిస్తే అప్పుడు దాచండి. కాకపోతే వెంటనే. ఆ ఆట మూసేసి ఇంకో ఆట తెరిచాక వెతికితే ఏమీ మిగలదు.

పీఎస్4లో ఏ బటన్ నొక్కాలి?

టచ్‌ప్యాడ్‌కి ఎడమ పక్కన చిన్నగా, నిలువుగా ఉండే షేర్ బటన్. ఒకసారి నొక్కితే మెనూ వస్తుంది, అక్కడ చతురస్రం బటన్ నొక్కితే చివరి 15 నిమిషాలు క్లిప్‌గా సేవ్ అవుతుంది. నొక్కి పట్టుకుంటే ఫొటో. గబగబా రెండుసార్లు నొక్కితే "ఇక్కడి నుంచి కొత్త రికార్డింగ్" అని అర్థం.

ఈ చివరి దాని దగ్గరే నాకు దెబ్బ తగిలింది. ఓ బాస్‌ని (ఆటలో అడ్డు నిలిచే పెద్ద శత్రువుని) మూడు రాత్రులు కిందా మీదా పడి ఓడించాను. చేతులు వణుకుతుంటే షేర్ బటన్ మీద రెండు దెబ్బలు పడ్డాయి. అది నా మాట విని కొత్త రికార్డింగ్ మొదలుపెట్టింది, అప్పటిదాకా ఉన్నది తుడిచేసింది. నాకు మిగిలింది బాస్ శవం పక్కన నా వీరుడు ఊరికే నిలబడ్డ 40 సెకన్లు. అందుకే చెబుతున్నాను: గెలిచాక ముందు ఆట పాజ్ చేయండి, ఊపిరి పీల్చుకోండి, అప్పుడు ఒక్కసారి నొక్కండి.

క్వాలిటీ సంగతి కూడా ముందే తెలిస్తే మంచిది. మామూలు పీఎస్4, స్లిమ్ రెండూ 720పీ, సెకనుకి 30 ఫ్రేములే ఇస్తాయి. ప్రోలో 1080పీ పెట్టుకోవచ్చు. టీవీలో కనిపించినంత నునుపుగా క్లిప్ ఉండదు. అయినా ఫోన్‌లో చూసేవాళ్లకి ఆ తేడా పెద్దగా తెలియదు.

పీఎస్5లో?

అదే చోట ఉంటుంది, పేరు క్రియేట్ బటన్. నొక్కితే అడుగున మెనూ వస్తుంది. ఇటీవలి గేమ్‌ప్లే సేవ్ చేయమంటే ఎంతసేపటిది కావాలో అడుగుతుంది. 30 సెకన్ల విషయానికి గంట క్లిప్ దాచకండి, తర్వాత కోసుకోవడానికి మీకే విసుగు.

రెండు మార్పులు మొదటి రోజే చేసుకోండి. ఒకటి, క్యాప్చర్ సెట్టింగ్స్‌లో ఫైల్ రకం ఎంపీ4కి మార్చడం. వెబ్‌ఎం అయితే 4కే కూడా దొరుకుతుంది గానీ, చాలా ఫోన్ ఎడిటర్లు దాన్ని చూసి ముఖం తిప్పుకుంటాయి. రెండోది, ట్రోఫీ వచ్చినప్పుడల్లా దానంతటది వీడియో తీసే ఆప్షన్ ఆపేయడం. మొదట వచ్చిన పీఎస్5లో ఉన్నది 825 జీబీ, అందులో మీ చేతికొచ్చేది 667 జీబీ. ట్రోఫీ వీడియోలతో దాన్ని నింపుకోవడం దేనికి?

ఇక పీఎస్5లో నాకు బాగా నచ్చింది ఫోన్ యాప్. ప్లేస్టేషన్ యాప్‌లో క్యాప్చర్ల ఆటో అప్‌లోడ్ ఆన్ చేస్తే, 3 నిమిషాల లోపు క్లిప్పులు వాటంతటవే ఫోన్‌కి వచ్చి కూర్చుంటాయి. 14 రోజులే ఉంటాయి, ఆ లోపు గ్యాలరీలోకి దించుకోవాలి. పెన్‌డ్రైవ్ వెతుక్కునే పని లేదు.

ఎక్స్‌బాక్స్ సంగతి?

సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ కంట్రోలర్ మధ్యలో షేర్ బటన్ ఉంది: ఒకసారి నొక్కితే ఫొటో, నొక్కి పట్టుకుంటే క్లిప్. పాత ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్ అయితే నడిమధ్య వెలిగే ఎక్స్‌బాక్స్ బటన్ నొక్కి, వెంటనే 'ఎక్స్' నొక్కాలి. ఎక్కువసేపు తీయాలంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా (డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి) ఫార్మాట్ చేసిన యూఎస్‌బీ 3.0 డ్రైవ్ తగిలించండి, గంట దాకా రికార్డ్ అవుతుంది. ఆటలు దాచుకునే డ్రైవ్‌ని దీనికి వాడలేరు, వేరేది ఉండాలి.

క్లిప్పులు ఎక్స్‌బాక్స్ ఫోన్ యాప్‌లోకి కూడా వస్తాయి. వచ్చాయి కదా అని అక్కడే వదిలేయకండి. 2024 మే నెలాఖరు నుంచి 90 రోజులు దాటినవాటిని వాళ్ల సర్వర్ నుంచి తీసేస్తున్నారు.

స్విచ్ వాడుతున్నాను. 30 సెకన్లకి మించి రావట్లేదు.

రాదు. అది దాని హద్దు. ఎడమ జాయ్‌కాన్ (స్విచ్ పక్కన తగిలించే కంట్రోలర్) మీద చిన్న చతురస్రం బటన్ నొక్కి పట్టుకుంటే చివరి 30 సెకన్లు, 720పీలో సేవ్ అవుతాయి. కొన్ని ఆటల్లో అదీ పనిచేయదు. పెద్ద వీడియో కావాలంటే ప్రతి 30 సెకన్లకీ ఒకసారి నొక్కి, ముక్కలన్నీ తర్వాత అతికించుకోవాలి. చేసి చూశాను. అతుకుల బొంతలాగే ఉంటుంది, కానీ రేసింగ్ ఆటల్లో ఒక్కో ల్యాప్‌కీ ఒక్కో ముక్క అన్నట్టు తీస్తే బాగానే కుదిరింది.

మన దేశంలో నింటెండో అధికారికంగా స్విచ్ అమ్మదు కాబట్టి మీది దుబాయ్ నుంచో, అమెరికాలో ఉన్న అక్కావాళ్ల సూట్‌కేసులోనో వచ్చి ఉంటుంది. ఏ దేశానిదైనా క్లిప్ బయటికి తీసే దారి ఒకటే. ఆల్బమ్‌లో వీడియో ఎంచుకుని స్మార్ట్ ఫోన్‌కి పంపమనండి. ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది, దాన్ని స్కాన్ చేస్తే ఫోన్ నేరుగా స్విచ్ వైఫైకి కలుస్తుంది. రెండో కోడ్ స్కాన్ చేస్తే బ్రౌజర్‌లో వీడియో తెరుచుకుంటుంది. ఒక్కసారికి ఒక్క వీడియో, లేదా 10 ఫొటోలు. మధ్యలో ఫోన్ "ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, మారిపోనా?" అని అడుగుతుంది. వద్దనండి. సగం మందికి ఇక్కడే తెగిపోతుంది. యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కూడా కలపొచ్చు. ఎక్కువ క్లిప్పులుంటే అదే నయం.

యూట్యూబ్ పాఠంలో ట్విట్టర్‌కి నేరుగా పెట్టొచ్చని చూపించారు. నాకా ఆప్షనే లేదు.

ఆ పాఠం పాతది. పీఎస్4లో ఫేస్‌బుక్ లింకు 2019లోనే పోయింది. ట్విట్టర్, అంటే ఇప్పటి ఎక్స్, 2023 ఏప్రిల్‌లో ఎక్స్‌బాక్స్ నుంచీ, అదే ఏడాది నవంబర్‌లో ప్లేస్టేషన్ నుంచీ, 2024 జూన్‌లో స్విచ్ నుంచీ వెళ్లిపోయింది. ఇప్పుడు ముందు ఫోన్‌కి దించుకుని, అక్కడి నుంచి పెట్టాలి.

పెన్‌డ్రైవ్ పెడితే పీఎస్4 గుర్తుపట్టట్లేదు.

డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉండి ఉంటుంది. కంప్యూటర్‌లో ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే లోపలున్నవన్నీ పోతాయి, అక్క పెళ్లి ఫొటోలు అందులో ఉంటే ముందు తీసి పెట్టుకోండి. ఫ్యాట్32 కూడా పనిచేస్తుంది గానీ, 4 జీబీ దాటిన ఫైల్ అందులో పట్టదు. తర్వాత సెట్టింగ్స్, స్టోరేజ్, సిస్టమ్ స్టోరేజ్, క్యాప్చర్ గ్యాలరీ. క్లిప్ మీద ఆప్షన్స్ బటన్ నొక్కి యూఎస్‌బీకి కాపీ చేయమనండి. పైన ఎక్స్‌బాక్స్‌కి ఎన్‌టీఎఫ్‌ఎస్ కావాలన్నాను, ఇక్కడ వద్దంటున్నాను. రెండు కంపెనీలు, రెండు దారులు, ఏం చేస్తాం.

కథలో ముఖ్యమైన చోటికి రాగానే రికార్డింగ్ ఆగిపోతోంది. కన్సోల్ పాడైందా?

లేదు. ఆట చేసినవాళ్లే ఆ సన్నివేశానికి తాళం వేశారు. ముగింపు బయటపడకూడదనో, పాట హక్కులు లేవనో అలా చేస్తారు. 2017లో అట్లస్ కంపెనీ 'పర్సోనా 5' ఆటకి పీఎస్4 షేర్ సదుపాయాన్నే మొత్తంగా మూసేసింది. అలాంటి చోట తెర మీద చిన్న గుర్తు వస్తుంది, ఆ భాగం దాటాక రికార్డింగ్ మళ్లీ మొదలవుతుంది.

నా మాటలు కూడా వీడియోలో రావాలి. మైక్ కొనాలా?

ఫోన్‌తో వచ్చిన 3.5 ఎంఎం వైర్ ఇయర్‌ఫోన్ ఎక్కడో సొరుగులో చిక్కుపడి ఉంటుంది, తీయండి. పీఎస్4, పీఎస్5 కంట్రోలర్ అడుగున దాన్ని గుచ్చండి. మైక్ ఉన్న ఇయర్‌ఫోన్ అయితే చాలు. షేరింగ్ సెట్టింగ్స్‌లో మైక్ ఆడియోని వీడియోలో కలపమనే ఆప్షన్ వెతికి టిక్ పెట్టండి. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, గంటసేపు నోరు నొప్పెట్టేలా మాట్లాడాక మూగ వీడియో చూసుకోవడం ఎందుకు?

నేను చేసేది మాత్రం వేరు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టుకుంటాను. మొదట్లో ఆటని పాజ్ చేస్తూ "పాజ్" అని గట్టిగా అంటాను. ఎడిటింగ్‌లో మెనూ శబ్దానికీ, ఆ మాటకీ జత కుదిరిస్తే మిగతాదంతా సరిపోతుంది. ఇలా చేస్తే కుక్కర్ మూడో విజిల్ వచ్చిన చోట నా గొంతు మాత్రమే కోసేయొచ్చు, ఆట శబ్దం అలాగే ఉంటుంది.

నా దగ్గర పీఎస్2 ఉంది. దానికేం దారి?

ఇక్కడ మాత్రం ఫోన్‌తో టీవీని తీయడమే. కానీ మా తమ్ముడిలా కాదు.

గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. ఇది ప్రతిబింబం కోసం మాత్రమే కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా ఆటల బొమ్మ 60 హెర్ట్జ్. ఫోన్ కెమెరాని టీవీకి సరిపెడితే పాత ట్యూబ్‌లైట్ మిణుకుమంటుంది, లైటుకి సరిపెడితే టీవీ మీద నల్ల పట్టీలు పాకుతాయి. ఇద్దరిలో ఒకర్ని పంపేయడమే మేలు. కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/60 పెట్టండి. పట్టీలు ఇంకా పాకుతుంటే 1/50 చేసి చూడండి, ఎందుకంటే పాల్ (PAL, మన దేశంలో వాడిన పాత టీవీ పద్ధతి) డిస్కులు చాలావరకు 50 హెర్ట్జ్‌లో నడుస్తాయి. తెర మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ తాళం పడతాయి. లేకపోతే పేలుడు వచ్చినప్పుడల్లా బొమ్మ మసకబారుతూ తేరుకుంటూ ఉంటుంది.

ఫోన్‌ని చేత్తో పట్టుకోకండి. ట్రైపాడ్ లేదా? ఓ స్టూల్, దాని మీద నాలుగు పుస్తకాలు, ఆనించడానికి ఓ స్టీలు డబ్బా. టీవీకి మరీ దగ్గరగా పెడితే పిక్సెళ్ల జల్లెడ కనిపిస్తుంది, కాస్త దూరం జరిపి కొద్దిగా జూమ్ చేయండి. ఫోన్‌ని అడ్డంగా పెట్టండి. నిలువుగా తీసిన టీవీ వీడియోలో సగం గోడే ఉంటుంది.

కన్సోల్ ఇచ్చే క్లిప్ చాలా చిన్నది. గంట, రెండు గంటలు ఆపకుండా తీయాలంటే?

కంప్యూటర్ ఉంటే రిమోట్ ప్లే చూడండి. సోనీ వాళ్ల పీఎస్ రిమోట్ ప్లే ఉచితమే. ఆట పీఎస్4, పీఎస్5లోనే నడుస్తుంది, బొమ్మ మాత్రం కంప్యూటర్ కిటికీలో కనిపిస్తుంది. ఆ కిటికీని ఓబీఎస్ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తోనో, విండోస్‌లో విండోస్, ఆల్ట్, ఆర్ బటన్లు కలిపి నొక్కో రికార్డ్ చేసుకోవచ్చు. మామూలు పీఎస్4కి 720పీ, ప్రోకీ పీఎస్5కీ 1080పీ వస్తుంది. ఎక్స్‌బాక్స్‌కీ ఇలాంటి సదుపాయం ఉంది. కంప్యూటర్ లేకపోతే ఇదే యాప్ ఫోన్‌లో వేసుకుని స్క్రీన్ రికార్డర్ ఆన్ చేయండి.

చిక్కల్లా వైఫై. కన్సోల్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలిపితే సగం బాధ తీరుతుంది. అప్పటికీ బటన్ నొక్కిన తర్వాత ఓ క్షణం ఆలస్యం ఉంటుంది. కథ నడిచే ఆటలకి పర్వాలేదు, ఫైటింగ్ ఆటలకి పనికిరాదు.

అప్‌లోడ్‌కి ఇంతసేపా?

స్పీడ్ టెస్టులో పెద్దగా కనిపించేది డౌన్‌లోడ్ అంకె. మీరు చూడాల్సింది దాని పక్కనున్న అప్‌లోడ్ అంకె. 1 జీబీ ఫైల్, 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అయితే దాదాపు 27 నిమిషాలు పడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో నడిపేవాళ్లు ఒక్క క్లిప్‌తోనే ఆ రోజు డేటాకి నమస్కారం పెట్టాలి. అందుకే ముందు కోసి, తర్వాత ఎక్కించండి. కోయడానికి పీఎస్4లో షేర్‌ఫ్యాక్టరీ, పీఎస్5లో షేర్ ఫ్యాక్టరీ స్టూడియో యాప్‌లు ఉచితం.

వాట్సాప్‌లో పంపితే మసకగా వస్తోంది.

వీడియోగా పంపితే అది నలిపేస్తుంది. అటాచ్‌మెంట్‌లో డాక్యుమెంట్ ఎంచుకుని అదే ఫైల్ పంపండి, ఉన్నదున్నట్టు వెళ్తుంది. 2 జీబీ దాకా పడుతుంది.

యూట్యూబ్ 15 నిమిషాలు దాటితే తీసుకోవట్లేదు. లైవ్ కూడా రావట్లేదు.

ఫోన్ నంబర్‌తో ఖాతాని వెరిఫై చేయండి. తర్వాత 12 గంటల వీడియో దాకా పెట్టొచ్చు. లైవ్‌కి మొదటిసారి అనుమతి రావడానికి 24 గంటల దాకా పడుతుంది, కాబట్టి "ఇవాళ రాత్రి లైవ్" అని అందరికీ చెప్పే ముందు రోజే ఆ పని చూసుకోండి. పీఎస్4, పీఎస్5 నుంచి యూట్యూబ్‌కీ, ట్విచ్ అనే గేమ్ లైవ్‌ల సైటుకీ నేరుగా లైవ్ ఇవ్వొచ్చు.

షార్ట్స్, రీల్స్‌కి నిలువుగా ఎలా మార్చాలి?

1080పీ వీడియోని నిలువుగా కోస్తే వెడల్పు 608 పిక్సెళ్లే మిగులుతుంది. అంటే స్కోరు, మ్యాప్, ప్రాణాల పట్టీ అన్నీ గోవిందా. నేనైతే పూర్తి బొమ్మని పైన అడ్డంగా ఉంచి, కింద తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక్క ముక్క రాస్తాను. యూట్యూబ్ షార్ట్స్‌కి 2024 అక్టోబర్ నుంచి 3 నిమిషాల వరకూ అవకాశం ఉంది. కానీ గేమ్ క్లిప్‌ని అంతసేపు చూసే ఓపిక నాకే లేదు.

కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఆడింది నేనే కదా?

ఆడింది మీరే, బొమ్మలూ పాటలూ మీవి కావు. క్లెయిమ్ వచ్చేది చాలావరకు పాటల వల్లే: కారు ఎక్కగానే మోగే రేడియో, ఫుట్‌బాల్ ఆట మెనూలో వచ్చే పాటలు. ఆడియో సెట్టింగ్స్‌లో మ్యూజిక్ సున్నా చేయండి, కొన్ని ఆటల్లో దీనికోసమే స్ట్రీమర్ మోడ్ ఉంటుంది. క్లెయిమ్ అంటే స్ట్రైక్ (ఛానెల్ మీద పడే శిక్ష) కాదు, చాలాసార్లు ఆ వీడియో ఆదాయం పాట హక్కుదారుకి వెళ్తుంది, అంతే.

చాలా కంపెనీలు గేమ్‌ప్లే పెట్టడాన్ని ఆపవు. నింటెండో ఒకప్పుడు ఆదాయంలో వాటా పద్ధతి నడిపింది, 2018 చివర్లో దాన్ని ఎత్తేసి మార్గదర్శకాలు ఇచ్చింది: మీ వ్యాఖ్యానమో, సృజనో కలపండి, ఊరికే ఆటని ఎత్తి పెట్టకండి అని. మన తెలుగు వాళ్లకి ఇందులో ఓ సౌలభ్యం ఉంది. నోరు విప్పి తెలుగులో మాట్లాడితే చాలు, అదే కొత్తది. ఇక డబ్బు సంగతంటారా, యాడ్ల ఆదాయానికి యూట్యూబ్ 1,000 మంది సబ్‌స్క్రైబర్లూ, ఏడాదిలో 4,000 గంటల వీక్షణా అడుగుతుంది. లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్.

యుద్ధం ఆట క్లిప్ పెట్టాను. జనం నిజం అనుకుని షేర్ చేస్తున్నారు.

నవ్వి ఊరుకోకండి. 'ఆర్మా 3' ఆట దృశ్యాలు నిజమైన యుద్ధాలుగా ఎన్నిసార్లు తిరిగాయంటే, దాన్ని చేసిన బొహీమియా ఇంటరాక్టివ్ 2022 నవంబర్‌లో ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. 2025 మేలో భారత్, పాక్ ఉద్రిక్తతలప్పుడు కూడా అవే క్లిప్పులు ఫ్యామిలీ గ్రూపుల దాకా వచ్చాయి. ఆట పేరు క్యాప్షన్‌లో కాదు, వీడియో మీదే రాయండి. క్యాప్షన్ ఫార్వర్డ్‌లో రాలిపోతుంది.

మా అబ్బాయి ఖాతాలో షేర్ ఆప్షన్లు పనిచేయట్లేదు.

పిల్లల ఖాతాలకి ఫ్యామిలీ సెట్టింగ్స్‌లో కమ్యూనికేషన్, యూజర్ కంటెంట్ మీద ఆంక్ష ఉంటుంది. మీ ఖాతాతో తెరవొచ్చు. తెరిచే ముందు వాడు పెట్టబోయే క్లిప్ ఒకటి చూడండి: పార్టీ చాట్‌లో (ఆడుతూ గుంపుగా మాట్లాడుకునే చోట) పక్క పిల్లల గొంతులు, తెర మీద వాళ్ల ఐడీలు వస్తున్నాయా అని.

సరే, మరి క్యాప్చర్ కార్డ్ ఎప్పుడు కొనాలి?

60 ఫ్రేములు కావాలనో, స్విచ్‌లో పొడుగు వీడియోలు కావాలనో, మూడు నెలలు వరుసగా వీడియోలు పెట్టాక కూడా అనిపిస్తే. వెయ్యి రూపాయల లోపు హెచ్‌డీఎంఐ డాంగిల్స్, అంటే వేలెడంత క్యాప్చర్ కార్డులు, దొరుకుతాయి. డబ్బా మీద 4కే అని రాసున్నా, అవి రికార్డ్ చేసేది మహా అయితే 1080పీ, 30 ఫ్రేములు. ప్లేస్టేషన్‌లో హెచ్‌డీసీపీ (బొమ్మని కాపీ చేయకుండా అడ్డుకునే తాళం) ఆఫ్ చేయకపోతే నల్ల తెరే కనిపిస్తుంది, వెంటనే రిటర్న్ పెట్టేయకండి. పీఎస్3లో దాన్ని ఆఫ్ చేసే ఆప్షనే లేదు.

మా తమ్ముడు ఇంకా కొనలేదు. మొన్న ఇంకో సిక్స్ పంపాడు. ఈసారి బంతి కనపడింది, స్టాండ్స్‌లో పడేదాకా.